మిగిలిన ఇసుక

నడుము లోతు గోతిలో నిలబడి ఆమె దిమ్మిస వేస్తోంది. ఇది పదో పొర. జానెడు మందాన ఇసుక పడగానే ఒక అంచు దగ్గర మొదలుపెట్టి, అడుగు పక్కన అడుగు వేసుకుంటూ గుండ్రంగా తిరిగి మధ్యకి వస్తుంది. మళ్ళీ మధ్య నుంచి అంచుకి వెళ్తుంది. మొదటి దెబ్బలకి ఇసుక తడిగుడ్డ మీద కొట్టినట్టు 'ధబ్' అంటుంది. కొట్టగా కొట్టగా ఆ చప్పుడు సన్నబడి, చివరికి చెక్క తలుపు మీద వేలి కణుపుతో తట్టినట్టు 'టక్' మంటుంది. ఆ చప్పుడు నాలుగు మూలలా వినిపించాక తలెత్తి "వెయ్యి" అంటుంది. గట్టు మీదవాడు తట్ట వొంపుతాడు.

ఇవాళ ఆ "వెయ్యి" కూడా సరిగ్గా పలకడం లేదు. ఎడమ దవడ లోపల నిమ్మకాయ దాచుకున్నట్టు ఉబ్బి ఉంది. నిన్న పన్ను తీయించుకుంది. వేరు వంకర తిరిగి ఎముకని పట్టుకుని కూర్చుందట. పళ్ళ డాక్టరు ముందు కూర్చుని లాగాడు, తర్వాత నిలబడి లాగాడు, ఆఖరికి నర్సుని పిలిచి ఆమె తల గట్టిగా పట్టుకోమన్నాడు. పన్ను బయటికి వచ్చాక చెమట తుడుచుకుంటూ, "రెండేళ్ళ నుంచి ఈ నొప్పి ఎలా భరించావమ్మా?" అని అడిగాడు. "అదే ఊడిపోతుందేమో అనుకున్నా" అంది ఆమె.

"డాక్టరు తనని కూడా మన పనిలో చేర్చుకోమని నిన్ను అడగలేదా పిన్నీ?" అన్నాడు తట్టవాడు.

ఆమె దూదిని నాలుకతో పక్కకి జరుపుకుంది. "అతనికి తీయడం వచ్చు. మనది పాతే పని."

యాభై ఏడేళ్ళ మనిషి. పొట్టి. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ పైకి దోపి, పైన మగవాళ్ళ చొక్కా తొడుక్కుంటుంది. అరిచేతులు దిమ్మిస కర్ర రంగుకే తిరిగాయి. పనిలో అందరూ ఆమెని పిన్ని అంటారు, ఆమె లేనప్పుడు దిమ్మిసమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకి తెలుసు. కంబాలకి లాగి కట్టే తీగలు ఊడి రాకుండా, వాటి చివర ఉండే ఇనప పలకల్ని నేలలో పాతే ముఠా అది. గొయ్యి నిలువున్నర లోతు తవ్వుతారు. అడుగున పలక పెడతారు. పలకకి బిగించిన కడ్డీ ఏటవాలుగా పైకి వచ్చి, నేల మీద జానెడు కనిపిస్తుంది. తీగ కట్టేది దానికే. పలకకి బరువు లేదు, ఇద్దరు మనుషులు మోసేస్తారు. పట్టుకునేది పైన ఉన్న ఇసుక. ఆ ఇసుక ఒక్క గడ్డలా బిగిసి ఉంటే పలకని లాగాలంటే దాని నెత్తిన ఉన్నదంతా లేపాలి. ఇసుక వదులుగా ఉంటే పలక దాంట్లోంచి దారి చేసుకుని పైకి వస్తుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆమె పని ఆ దారి లేకుండా చేయడమే.

ఈసారి కంబం గాలి వేగం కొలవడానికి. నీటి ఒడ్డున ఇసుక తిన్నె మీద వంద అడుగుల ఎత్తున నిలబెట్టాలి. దానికి మూడు వైపులా మూడు తీగలు, మూడు పలకలు. మొదటి పలక ఆమె నాలుగు రోజుల కిందట పాతింది. రెండోది ఇది. మూడోది నిన్న ఆమె పళ్ళ డాక్టరు దగ్గర ఉన్నప్పుడు మిగతావాళ్ళు పాతేశారు.

తొమ్మిదింటికి గొయ్యి నిండింది. తవ్వి పోసిన ఇసుకంతా లోపలికి పోయింది. ఇంకా చాలక తిన్నె మీద నుంచి ఇరవై తట్టలు తెచ్చి పోశారు. ఆమె పైన ఒకసారి మడమతో తొక్కి చూసుకుని, దిమ్మిస భుజాన వేసుకుని మూడో గోతి వైపు నడిచింది.

అక్కడ చాలా శుభ్రంగా ఉంది. ఆ శుభ్రం చూసే ఆమె ఆగింది. ఇసుకని పార వెనక వైపుతో నున్నగా సర్ది, చుట్టూ దూరం దాకా పరిచారు. పైన ఇసుక తెల్లగా ఉంటుంది. లోతులోది బూడిద రంగు, గవ్వల ముక్కలు కలిసి ఉంటుంది. రెండు మంచాలు పట్టేంత మేర బూడిద రంగు ఇసుక తెల్ల ఇసుక మీద ఎండుతోంది. ఆమె గోతి నడుమకి వెళ్ళి మడమ నొక్కింది. చీలమండ దాకా దిగింది.

"ఎంత మిగిలింది?" అంది వెనక్కి తిరగకుండా.

తట్టవాడు నెత్తి గోక్కున్నాడు. "ఎంతో లేదు పిన్నీ. పదిహేను తట్టలు. ఓ రెండు అటూ ఇటూ."

అప్పటికే మేస్త్రీ వస్తున్నాడు. ఆమె భర్త తమ్ముడు అతను. అన్న పోయాక ముఠా అతని చేతికి వచ్చింది. మంచివాడే. తొందర ఒక్కటే అతని జబ్బు.

"ఏంటి వదినా, పోయిన పన్ను ఇక్కడ వెతుకుతున్నావా?"

"ఇసుక మిగిలింది."

"మిగిలితే మంచిదేగా. ఇసుకకి ఇక్కడ కరువా, మిగిలినదాన్ని దాచుకోవడానికి?"

"నా గోతులు రెండూ తవ్విందంతా మింగి ఇంకా కావాలన్నాయి. అదే పలక, అదే లోతు. ఇది పదిహేను తట్టలు కక్కింది. దీనికి దిమ్మిస ఎన్ని పొరలకి వేశారు?"

మేస్త్రీ తట్టవాడి వైపు చూశాడు. తట్టవాడు నీళ్ళ వైపు చూశాడు.

"పైన వేశారులే" అన్నాడు మేస్త్రీ. తర్వాత గొంతు తగ్గించాడు. "వదినా, మధ్యాహ్నం క్రేను వస్తుంది. ఇవాళ తప్పితే మళ్ళీ పది రోజుల దాకా దొరకదు. ఇంజనీరమ్మ పదింటికి వచ్చి లాగి చూస్తుంది. కాటాలో ముల్లు గీత దాటితే సంతకం పెడుతుంది. ఈ ఒక్కసారికీ నోరు మూసుకో. ఎలాగూ వాచి ఉంది."

"పైకి ఎక్కేది ఎవరు?"

"ఎవరేంటి, నీ అల్లుడే. నాకు మాత్రం పరాయివాడా?"

"అందుకే అడుగుతున్నా."

క్రేను కంబాన్ని నిలబెట్టి పట్టుకుంటుంది. మూడు తీగలూ బిగించాక ఒకడు చివరి దాకా ఎక్కి క్రేను కొక్కెం విప్పాలి. విప్పిన క్షణం నుంచి అతను కిందికి దిగేదాకా ఆ కంబాన్నీ అతన్నీ పట్టుకునేవి మూడు పలకలే. రెండు గట్టిగా ఉండి ఒకటి వదిలితే కంబం పడిపోవడానికి అది చాలు.

అల్లుడు కొంచెం దూరంలో కూర్చుని నడుముకి కట్టుకునే బెల్టు బకిలీలు తుడుస్తున్నాడు. పనిలో అందరూ 'అత్త కిందికి, అల్లుడు పైకి' అని నవ్వుతారు. ఆ నవ్వు అతనికి నచ్చదు. అత్తా అల్లుడూ ఎదురెదురుగా మాట్లాడుకోవడం ఆ ఇంట్లో అలవాటు లేదు, పనిలో ఇంకా లేదు. ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో తట్టవాడు ఉండాలి.

"ఆయనకి చెప్పు" అంది ఆమె తట్టవాడితో, "ఆ బెల్టు విప్పి పక్కన పెట్టుకోమని."

"అత్తయ్యకి చెప్పు" అన్నాడు అల్లుడు తట్టవాడితో, "ఆరేళ్ళ నుంచి ఎక్కుతున్నాను, ఎప్పుడు ఎక్కాలో మేస్త్రీ గారు చెప్తే చాలని."

"మీ ఇద్దరి మధ్యా నా మెడ పట్టేస్తోంది" అన్నాడు తట్టవాడు.

పదింటికి ఇంజనీరమ్మ వచ్చింది. పాతికేళ్ళు దాటి ఉండవు. పెద్ద టోపీ, చేతిలో అట్ట. కంబం నిలబెట్టే సిమెంటు దిమ్మెకి గొలుసు యంత్రం తగిలించారు. దాని కొక్కేనికి గడియారం లాంటి కాటా, కాటాకి తీగ, తీగ రెండో కొస కడ్డీకి. మేస్త్రీ తనే గొలుసు అందుకుని గబగబా లాగాడు. మొదటి పలకకి ముల్లు ఎర్ర గీత చేరింది, ఇంజనీరమ్మ రాసుకుంది. రెండోదీ చేరింది. మూడోదానికి మేస్త్రీ ఇంకా విసురుగా లాగాడు. ముల్లు ఎర్ర గీత దాటి ఇంకో చిన్న గీత ముందుకి వెళ్ళింది.

"చూశావా వదినా" అన్నాడు అతను చేతులు దులుపుకుంటూ. "నీ రెండింటి కంటే నాదే ఒక గీత ఎక్కువ."

ఇంజనీరమ్మ కలం తీసింది. మేస్త్రీ గొలుసు వదలడానికి వంగాడు. ఆమె వెళ్ళి గొలుసు మీద కాలు పెట్టింది.

"వదలకు. అలాగే ఉంచు. భోజనం చేసి రండి."

"ఏంటమ్మా?" అంది ఇంజనీరమ్మ.

"భోజనం టైము కాలేదు మేడం, మా వదినకి పన్ను నొప్పి" అన్నాడు మేస్త్రీ.

ఆమె నోట్లోంచి దూది తీసి కొంగు చివర ముడివేసుకుంది. ఇక మాటలు సరిగ్గా వచ్చాయి.

"మేడం, తడి ఇసుకలో కాలు దిగబడితే ఎలా తీస్తారు?"

ఇంజనీరమ్మ ఒక క్షణం ఆలోచించింది. "మెల్లగా తీస్తాను."

"విసురుగా లాగితే?"

"రాదు. చెప్పు లోపలే ఉండిపోతుంది."

"ఈ గొయ్యి నీళ్ళకి దగ్గర. కిందంతా తడి. మా మరిది విసురుగా లాగాడు."

ఇంజనీరమ్మ కలం మూసింది. కాటా వైపు చూసింది, ఆమె వైపు చూసింది, మేస్త్రీ వైపు చూసింది. మేస్త్రీకి పరిస్థితి అర్థమై వెంటనే మాట మార్చాడు. అది అతనికి బాగా వచ్చు.

"నేనే చెబుదామనుకున్నా మేడం. ఇది మా అన్నగారి పద్ధతి. లాగి పట్టి ఉంచి, భోజనం చేసి వచ్చి చూడటం. ఈ పనిలో ఎక్కడికి వెళ్ళినా దీన్ని పెద్దమేస్త్రీ పరీక్ష అంటారు. క్రేను తొందరలో ఉండి…"

"అది మీ అన్నది కాదు" అంది ఆమె.

మేస్త్రీ గొలుసు దగ్గర నుంచి లేచాడు.

"ఆ రోజు మీ అన్న చెట్టు కింద భోజనం చేస్తున్నాడు. గోతి దగ్గర కూర్చుని చూసింది నేను. చెప్పింది నేను. నీకప్పుడు మీసాలు రాలేదు."

అల్లుడు బెల్టు మీద నుంచి తలెత్తాడు. పెద్దమేస్త్రీ పరీక్ష గురించి అతను తన పెళ్ళిచూపుల్లో కూడా విన్నాడు. ఇది వినలేదు.

"అరగంట చూద్దాం" అంది ఇంజనీరమ్మ.

వాళ్ళంతా రేకుల షెడ్డు నీడకి వెళ్ళారు. ఆమె మూడో గోతి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అరిచేతులు తడి చేసుకుని, కడ్డీ చుట్టూ ఇసుకని నున్నగా అలికింది. అద్దంలా అయ్యేదాకా అలికి, కొంచెం వెనక్కి జరిగి కూర్చుంది. నమిలే పని లేదు కాబట్టి ఆమెకి భోజనం పనీ లేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట కూడా ఇలాగే కూర్చుంది. చంటిపిల్ల ఒళ్ళో ఉంది, పాలు తాగుతోంది. పిల్లని కదిలిస్తే లేస్తుందని మగవాళ్ళతో పాటు చెట్టు కిందికి వెళ్ళలేదు. తీగ బిగించే ఉంది. చూడటానికి ఎదురుగా అది తప్ప ఇంకేమీ లేదు. పిల్ల ఒక వైపు తాగి రెండో వైపుకి మారే లోపల, నేల మీద వెంట్రుకంత గీత పడటం చూసింది. ముందు చీమల బారు అనుకుంది. పిల్ల నిద్రపోయేసరికి ఆ గీతలో గడ్డిపరక దూర్చగలిగింది. భర్త వచ్చాక చూపించింది. అతను గొయ్యి తవ్వించాడు. పలక బెత్తెడు పైకి వచ్చి ఉంది. ఆ తర్వాత ప్రతి చోటా అలాగే చేసేవాడు. ఎవరైనా అడిగితే "మా పద్ధతి" అనేవాడు. వినేవాళ్ళు 'మా'ని 'నా' అని విన్నారు. దిద్దాల్సిన అవసరం అతనికి కనిపించలేదు. ఆమె కూడా దిద్దలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య అదొక లెక్కా అనుకుంది. అతను పోయాక పదకొండేళ్ళ పాటు ప్రతి చోటా ఆ పేరు వింటూనే ఉంది. విన్న ప్రతిసారీ దిమ్మిస ఒక దెబ్బ ఎక్కువ వేసేది. ఎందుకు వేస్తోందో తనని తాను అడగలేదు.

ఆ చంటిపిల్లే ఇప్పుడు ఇంట్లో మొగుడు ఎప్పుడు దిగొస్తాడా అని చూసే మనిషి. అతను కంబం ఎక్కిన రోజున ఫోను చేతిలోంచి కింద పెట్టదు.

మొదట కనిపించింది ముల్లు. ఎర్ర గీత మీద నుంచి మెల్లగా, చూస్తున్నంతసేపూ కదలనట్టే, వెనక్కి వచ్చింది. తర్వాత ఇసుక. కడ్డీకి ముందు వైపు, అలికిన నున్నదనం మీద, సన్నటి వంకర గీత. నెలవంకలా ఒంగి రెండు కొసలూ కడ్డీ వైపు తిరిగాయి. ఆమె కదలలేదు. ఎవరినీ పిలవలేదు. గీత వెడల్పై, అంచున రెండు ఇసుక రేణువులు లోపలికి దొర్లాయి.

అరగంటకి వాళ్ళు వచ్చారు. మేస్త్రీ అగ్గిపుల్లతో పళ్ళు కుట్టుకుంటూ వచ్చి, నేల చూసి అగ్గిపుల్ల చేతిలోకి తీసుకున్నాడు. ఇంజనీరమ్మ వంగి, స్కేలు నిలువుగా గీతలో పెట్టింది. స్కేలు వేలి లోతున దిగింది.

"మీవి కూడా ఇలాగే పట్టి చూడాలి" అంది.

"చూడండి" అంది ఆమె. "రెండూ చూడండి. నేను కూర్చోను, వేరే పనుంది."

ఆ వేరే పని మూడో గొయ్యి. తవ్వేవాళ్ళు ఇద్దరూ అటు దిగారు. మొదటి తీగ బిగించి అరగంట ఉంచారు, ముల్లు వెంట్రుకవాసి వెనక్కి వచ్చి ఆగింది. రెండోదానికి అదీ రాలేదు. ఇంజనీరమ్మ రాసుకుంది. క్రేను వచ్చింది. క్రేను డ్రైవరు దిగి, ఇంకా తవ్వుతున్న గొయ్యి చూసి, తన తలరాతని కాసేపు తిట్టుకుని నీడన పడుకున్నాడు. పలక సరిచేశాక, మధ్యాహ్నం రెండు గంటలకి ఆమె దిగింది. నిలువున్నర గోతిలో పైనుంచి చూస్తే పాపిట ఒక్కటే కనిపిస్తోంది. దవడ మళ్ళీ కొట్టుకుంటోంది, దిమ్మిస దెబ్బా ఆ పోటూ ఒకే తాళంలో పడుతున్నాయి. ఆమె దాన్ని పట్టించుకోలేదు. మేస్త్రీ రెండుసార్లు గట్టు మీదికి వచ్చి, "చాల్లే వదినా, ఈ పొర అయింది" అన్నాడు. రెండుసార్లూ ఆమె ఇంకో చుట్టు తిరిగింది.

నాలుగో పొరకి తట్ట వొంపిన చేతులు మారాయి. తలెత్తి చూస్తే అల్లుడు. బెల్టు పక్కన పెట్టి, తట్ట పట్టుకున్నాడు. ఆమె 'టక్' వినిపించేదాకా కొట్టి తలెత్తేది, అతను వొంపేవాడు. "వెయ్యి" అనాల్సిన పని పడలేదు. అల్లుడిని "వెయ్యి" అనడం ఎలాగా అనే ఇబ్బంది కూడా అలా తప్పింది.

గొయ్యి తన ఇసుక మొత్తం మింగింది. పరిచిన పదిహేను తట్టలూ ఊడ్చి తెచ్చి పోస్తే అవీ మింగింది. పైన ఇంకో ఇరవై రెండు తట్టలు పట్టింది. ఈసారి ఇంజనీరమ్మ అరగంట దగ్గరే నిలబడింది. ముల్లు ఎర్ర గీత మీద అలాగే కూర్చుంది.

ఎండ పసుపు రంగులోకి తిరుగుతుండగా కంబం లేచింది. తీగలు బిగించారు. అల్లుడు ఎక్కాడు. ఎక్కుతున్నకొద్దీ చిన్నవాడై, చివర ఒక కాకి అంత అయ్యాడు. ఆమె పైకి చూడలేదు. మూడో కడ్డీ దగ్గర చతికిలబడి, దాని మీద అరిచెయ్యి పెట్టి ఉంచింది. కొక్కెం విడిచినప్పుడు కడ్డీలో సన్నటి జలదరింపు వచ్చింది. వచ్చి పోయింది. కంబం నిలబడింది.

అతను కిందికి దిగాక తట్టవాడిని వెతికి పట్టుకున్నాడు. "అత్తయ్యకి చెప్పు, పైన గాలి బాగుందని."

"మీరే చెప్పుకోండి బాబూ" అన్నాడు తట్టవాడు. "నాకు జీతం ఇచ్చేది దీనికి కాదు."

అతను ఆమె ముందుకి వచ్చి నిలబడ్డాడు. ఆమె చేతిలోని దిమ్మిస తీసుకుని బండి దాకా మోశాడు.

మేస్త్రీ సామాన్లు సర్దడం అయ్యేదాకా ఆగి, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు వచ్చాడు.

"రేపట్నుంచి రాకు వదినా. నలుగుర్లో నా మాట తీసేశావు. అన్న మాట కూడా తీసేశావు. ఎలాగూ దిమ్మిస మెషిను వస్తోంది."

ఆమె కాళ్ళ ఇసుక దులుపుకుంటోంది. ఒక కాలు అయ్యాక రెండో కాలు దులుపుకుంది.

"పనికి రానులే. కానీ నువ్వు ఇసుక మిగిల్చిన ప్రతి చోటికీ వస్తా."

మేస్త్రీ అది కోపంలో అన్న మాట అనుకున్నాడు. కాదని తర్వాత వారమే తెలిసింది. కొత్త చోట గొయ్యి పూడుస్తుంటే గట్టు మీద నీడ పడింది. తలెత్తి చూస్తే ఆమె, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. గోతి చుట్టూ ఒకసారి తిరిగి, ఎంత మిగిలిందో చూసి, వచ్చిన బస్సులోనే వెళ్ళిపోయింది. నాలుగేళ్ళ పాటు అలాగే వచ్చేది. ఫలానా రోజు వస్తుందని ఎవరికీ తెలియదు కాబట్టి ప్రతిరోజూ వస్తుందన్నట్టే పని చేయాల్సి వచ్చేది. లాగి పట్టి ఉంచే పరీక్షని అప్పటికి తట్టవాడూ వాళ్ళూ పిన్ని పరీక్ష అనడం మొదలుపెట్టారు. మేస్త్రీ ఆ మాట అనేవాడు కాదు, పెద్దమేస్త్రీ పరీక్ష అని కూడా అనేవాడు కాదు. ఊరికే, "భోజనానికి పదండి" అనేవాడు.

ఐదో ఏడు చలికాలంలో ఆమె ఒక మధ్యాహ్నం కూతురింట్లో నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు. అల్లుడు ఆ రోజు ఏ కంబమూ ఎక్కలేదు.

గాలి కొలిచే పని పూర్తయి, ఆ తర్వాత కొన్నాళ్ళకి తిన్నె మీది కంబాన్ని విప్పేశారు. పలకలు కూడా తీసుకుపోదామని వచ్చినవాళ్ళు క్రేను తగిలించి లాగారు. మెల్లగా లాగారు, విసురుగా లాగారు. క్రేను వెనక చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. మొదటి రెండు కడ్డీలనీ నేల మట్టానికి కోసి పట్టుకుపోయారు. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి కోసే యంత్రంలో గ్యాసు అయిపోయింది, దాన్ని వదిలేశారు.

ఇప్పుడు నీళ్ళు ఇంకొంచెం దగ్గరికి జరిగాయి. పైన ఇసుక కొంత కొట్టుకుపోయి, జానెడు ఉండాల్సిన కడ్డీ మూరెడు కనిపిస్తోంది. దానికి ఎవరిదో పడవ కట్టి ఉంది. అల వచ్చినప్పుడల్లా తాడు బిగుస్తుంది, మళ్ళీ వదులవుతుంది, తాడు ఒరుసుకున్న చోట మాత్రం ఆ ఇనుము తుప్పు లేకుండా మెరుస్తోంది.